ఆర్ యూ ఓకే? సంస్థ మీద రివ్యూ: మాట మొదలుపెట్టడానికి మంచి సాయం, ఆ తర్వాతి ఏర్పాటు మనదే

ఆస్ట్రేలియాలో సెప్టెంబరు రెండో గురువారం వచ్చిందంటే ఆఫీసుల్లో, స్కూళ్ళలో, కన్‌స్ట్రక్షన్ సైట్లలో ఎక్కడ చూసినా పసుపు రంగే. పసుపు బెలూన్లు, పసుపు టీషర్టులు, పసుపు క్రీము పూసిన కప్‌కేకులు. అది ఆర్ యూ ఓకే? డే. దాన్ని నడిపే ఆత్మహత్యల నివారణ సంస్థ పేరూ అదే. సిడ్నీలోనో మెల్‌బోర్న్‌లోనో ఉద్యోగం చేసే తెలుగువాళ్ళలో చాలామందికి ఆ కప్‌కేకు తెలుసు. ఆ సంస్థ ఊరికే ఇచ్చే గైడ్లలో ఏముందో తెలిసినవాళ్ళు తక్కువ. మా దృష్టిలో అసలు విలువ ఆ గైడ్లది. వాటిలోనూ, అవి చెప్పే నాలుగు మెట్లలో చివరిదైన "మళ్ళీ పలకరించడం"ది. దాన్నే అందరూ వదిలేస్తున్నారు.

1995లో బ్యారీ లార్కిన్ అనే ఆయన ఆత్మహత్యతో చనిపోయారు. ఆయన కొడుకు గావిన్ లార్కిన్ అడ్వర్టైజింగ్ రంగంలో పనిచేసేవారు. 2009లో ఆయనే ఈ సంస్థ మొదలుపెట్టారు. 2011లో క్యాన్సర్‌తో పోయారు. ప్రకటనలు తెలిసిన మనిషి కాబట్టి, "ఆర్ యూ ఓకే?" అని ఎవరికైనా గుర్తుండే ఒకే ఒక్క ప్రశ్న పట్టుకున్నారు. డిగ్రీ అక్కర్లేదు, ఫీజు లేదు, పక్కవాణ్ణి నువ్వే అడుగు అన్నారు. ఏటా 3,000 మందికి పైగా ఆత్మహత్యలతో పోతున్న దేశంలో, పోయేవాళ్ళలో నలుగురికి ముగ్గురు మగవాళ్ళైనచోట, డాక్టరు దగ్గరికి తమంతట తాము వెళ్ళనివాళ్ళని చేరడానికి ఇది సరైన ఎత్తు. అయితే ప్రశ్న అంత సులువుగా ఉండటం వల్లే దాన్ని అడిగేసి, పని అయిపోయిందని అనుకునేవాళ్ళూ ఎక్కువే.

మొదట ఒక అపోహ తీరాలి. ఇది హెల్ప్‌లైన్ కాదు. రాత్రి రెండింటికి ఫోన్ చేస్తే ఎత్తే మనిషి ఇక్కడ ఉండడు, కౌన్సెలింగ్ ఉండదు, డాక్టరు ఉండడు. వాళ్ళ వెబ్‌సైటే మిమ్మల్ని లైఫ్‌లైన్ 13 11 14కీ, బియాండ్ బ్లూ 1300 22 4636కీ పంపిస్తుంది. రెండూ రోజంతా పనిచేసే హెల్ప్‌లైన్లు. ఈ తేడా తెలియక "ఆర్ యూ ఓకే వాళ్ళ నంబరు ఇవ్వండి" అని సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో అడుగుతుంటారు. కష్టంలో ఉన్న మనిషికి ఇవ్వాల్సింది పై నంబర్లు. ఆర్ యూ ఓకే? గైడు ఆ మనిషి పక్కనున్న మీకోసం.

ఇక సరుకు సంగతి. సంభాషణ గైడ్లు, పోస్టర్లు, స్కూళ్ళకి, ఆఫీసులకి, ఊళ్ళకి విడివిడి కిట్లు, ఆదివాసీ, టోరెస్ స్ట్రెయిట్ ద్వీపవాసులకి వేరే సామగ్రి. వెబ్‌సైటు నుంచి ఉచితంగా దింపుకోవచ్చు. టీషర్టులు, బ్యాడ్జీల్లాంటివి డబ్బు పెట్టి కొనాలి, కొనకపోయినా పోయేదేమీ లేదు. వీటన్నిటి వెన్నెముక నాలుగు మెట్లు: అడగాలి, వినాలి, ఏదో ఒక అడుగు వేసేలా ప్రోత్సహించాలి, మళ్ళీ పలకరించాలి.

అడగడానికి ముందు గైడు చెప్పేదొకటుంది. అది చదవకుండా దాటేస్తే మిగతాదంతా బెడిసికొడుతుంది. ఈ పూట వినే ఓపిక మీకుందా? పిల్లల్ని ట్యూషన్ నుంచి తీసుకురావడానికి పావుగంటలో బయల్దేరాలంటే ఇప్పుడు అడగొద్దు. సగంలో లేచిపోతే, నోరు విప్పినవాడు మళ్ళీ విప్పడు. అవతలివాళ్ళు చెప్పిన సమస్య మీరు తీర్చలేనిదైతే తట్టుకోగలరా? అసలు మాట్లాడకపోతే కోపం తెచ్చుకోకుండా ఉండగలరా? ఎదురెదురుగా కూర్చోబెట్టడం కంటే పక్కపక్కన నడుస్తూనో, కారులో వెళ్తూనో మాట్లాడటం తేలికన్నది గైడులో బాగా పనికొచ్చే సలహా. మన మగవాళ్ళ విషయంలో ఇది మరీ నిజం. కళ్ళలోకి చూస్తూ చెప్పలేని మాట, రోడ్డు వైపు చూస్తూ చెప్పేస్తారు.

ఎవర్ని అడగాలో తేల్చుకోవడానికి గైడు మూడుచోట్ల చూడమంటుంది: ఏం మాట్లాడుతున్నారు, ఏం చేస్తున్నారు, వాళ్ళ జీవితంలో ఇప్పుడేం నడుస్తోంది. షేరింగ్ ఇంట్లో ఉండే విద్యార్థి విషయంలో ఇవెలా కనిపిస్తాయో చెప్పుకుందాం. "నా వల్ల అందరికీ బరువే మామా" లాంటి మాటలు సరదాగా అన్నట్టే అంటుంటాడు. వంట వంతు తప్పిస్తాడు, రోజూ ఇంటికి చేసే వీడియో కాల్ మానేస్తాడు, గ్రూపుల్లోంచి ఒక్కోటి బయటికొచ్చేస్తాడు, రాత్రంతా మేలుకుని పగలంతా పడుకుంటాడు. వెనకాల సెమిస్టర్ ఫెయిలైందో, పెళ్ళి మాట బెడిసిందో, క్లాసులు నడిచేటప్పుడు రెండు వారాలకి 48 గంటలే పనిచెయ్యాలన్న వీసా నిబంధన మధ్య అద్దె కట్టి ఊళ్ళో బ్యాంకు లోను వాయిదా పంపలేకపోతున్నాడో ఉంటుంది. వీటిలో ఏ ఒక్కటో ఉంటే కంగారు పడక్కర్లేదు. రెండు మూడు కలిసొచ్చాయంటే, మనిషి ముందున్నట్టు లేడనిపిస్తే, అడగాలి.

అడగడంలో జరిగే మొదటి తప్పు, ఉత్తి ప్రశ్న వెయ్యడం. "బాగున్నావా?" అంటే "ఆ, బాగున్నా" అని జవాబు దానంతటదే వస్తుంది. గైడు చెప్పినట్టు మీరు గమనించిందేమిటో దానికి జోడించాలి: "ఏరా, రెండు వారాల నుంచి సరిగ్గా తినట్లేదు, గదిలోంచి బయటికి రావట్లేదు. ఏం జరుగుతోంది?" వదినగారినైతే: "వదినా, బాబు పుట్టినప్పటి నుంచి మీరు మాట్లాడటమే తగ్గించేశారు. నిద్ర పడుతోందా? మనసెలా ఉంది?" మీరు చూసిన సంగతి చెప్పారంటే, మాటవరసకి అడగట్లేదని అవతలివాళ్ళకి తెలుస్తుంది. "ఏమీ లేదు" అంటే వాదన పెట్టుకోవద్దు. "సరే. నాకు మాత్రం కొంచెం బెంగగా ఉంది. వచ్చే వారం ఒకసారి కూర్చుందాం. ఈలోగా ఎప్పుడైనా ఫోన్ చెయ్యి" అని వదిలెయ్యాలి. మీతో చెప్పడం ఇష్టం లేకపోవచ్చు, ఇంకెవరితో చెప్పగలడో అడగొచ్చు. తలుపు తీసి ఉంచడం వరకే ఆ రోజు మీ పని.

వినడం దగ్గర మనవాళ్ళు ఎక్కువగా పడిపోతారు. కష్టం చెప్పగానే పరిహారం చెప్పకపోతే మర్యాద కాదన్నట్టు పెరిగాం. "ధైర్యంగా ఉండాలిరా", "అమ్మానాన్న మొహం చూసైనా", "మా బావమరిదికి ఇంతకంటే పెద్ద కష్టం వచ్చింది", "శనివారం హెలెన్స్‌బర్గ్ గుడికి వెళ్ళొద్దాం పద." ఏదీ చెడ్డ ఉద్దేశంతో అన్నది కాదు. కానీ ప్రతి మాటకీ ఒకే ఫలితం: చెప్పేవాడు చెప్పడం ఆపేస్తాడు. అమ్మానాన్న మాట మరీ ప్రమాదం. వాళ్ళకి బరువయ్యాననే బాధలోనే ఉన్న మనిషికి అది ఆ బరువునే ఇంకొంచెం పెంచుతుంది. గైడు చెప్పేది చాలా తక్కువ. మధ్యలో అందుకోవద్దు. తీర్పు చెప్పొద్దు. మౌనంగా ఉండిపోతే మీరూ ఊరుకోండి, ఆ ఖాళీని మాటలతో నింపొద్దు. "ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంది?" అని అడగండి. చివర్లో మీరు విన్నది మీ మాటల్లో తిరిగి చెప్పి, సరిగ్గా అర్థమైందా అని అడగండి. "అంటే లోను గురించే కాదు, ఇంట్లోవాళ్ళకి అబద్ధం చెప్తున్నానన్నది నిన్ను తినేస్తోంది, అంతేనా?" ఈ ఒక్క వాక్యం పది సలహాల పని చేస్తుంది. తప్పుగా అర్థం చేసుకున్నా నష్టం లేదు, అవతలివాడే సరిదిద్దుతూ ఇంకాస్త చెప్తాడు.

మూడో మెట్టు అడుగు వేయించడం. గైడులోని ప్రశ్నలు బాగున్నాయి: ఇంతకుముందు ఇలాంటిది వచ్చినప్పుడు ఏం చేస్తే కాస్త తేలికైంది? నేనేం చేస్తే నీకు సాయంగా ఉంటుంది? రెండు వారాలకి మించి మనసు కుంగిపోయి ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్ళేలా ప్రోత్సహించమంటుంది. సలహా సరైనదే. అయితే గైడు దేశమంతటికీ రాసింది కాబట్టి, కొత్తగా వచ్చినవాడు ఆ డాక్టరు దాకా ఎలా చేరాలో దాన్లో చాలినంత లేదు. ఆ లోటు మేం పూడుస్తాం.

మెడికేర్ (ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఉన్నవాళ్ళు ముందు జీపీ, అంటే మామూలు ఫ్యామిలీ డాక్టరు, దగ్గరికి వెళ్ళాలి. అపాయింట్‌మెంట్ బుక్ చేసేటప్పుడే "మెంటల్ హెల్త్ ట్రీట్‌మెంట్ ప్లాన్ కోసం, లాంగ్ అపాయింట్‌మెంట్ కావాలి" అని రిసెప్షన్‌లో చెప్పాలి. చెప్పకపోతే మామూలు పది పదిహేను నిమిషాల స్లాట్ ఇస్తారు, ప్లాన్ రాయడానికి అది చాలదు, ఇంకో రోజు రమ్మంటారు. కుంగిపోయిన మనిషి ఆ ఇంకో రోజు వెళ్ళడు. ప్లాన్ చేతికొస్తే ఒక క్యాలెండర్ సంవత్సరంలో సైకాలజిస్టు దగ్గర పది వ్యక్తిగత సెషన్ల వరకు మెడికేర్ రిబేటు, అంటే ఫీజులో కొంత వాపసు, వస్తుంది. చాలాచోట్ల రిబేటు పోను పైన మన జేబులోంచి కూడా కట్టాలి, ఎంతో ముందే కనుక్కోవాలి. స్టూడెంట్ వీసావాళ్ళకి మామూలుగా మెడికేర్ వర్తించదు. వాళ్ళకి మొదటి తలుపు యూనివర్సిటీ కౌన్సెలింగ్, అది ఉచితం. జీపీ ఖర్చులో కొంత ఓవర్సీస్ స్టూడెంట్ హెల్త్ కవర్ (విదేశీ విద్యార్థుల ఆరోగ్య బీమా) నుంచి వస్తుంది. కౌన్సెలింగ్‌కి వెళ్తే వీసా పోతుందన్న భయం కుర్రాళ్ళలో బాగా ఉంది. కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళినంత మాత్రాన వీసా రద్దు కాదని ఆ పూటే చెప్పాలి. ఇంగ్లీషులో మనసు విప్పలేని అమ్మానాన్నలకి, అత్తమామలకి ప్రభుత్వ దుబాసీ సర్వీసు టీఐఎస్ ఉంది: 131 450. ఆ నంబరుకి చేసి, తెలుగు దుబాసీ కావాలని అడిగి, లైఫ్‌లైన్‌కి కలపమని చెప్పాలి. దుబాసీ దొరికేదాకా లైనులో ఆగాల్సి రావచ్చు, కాబట్టి మొదటిసారి మీరు పక్కనే కూర్చుని చేయించండి.

ఈ సామగ్రిలో మాకు పెద్ద లోటుగా కనిపించేది ఇది: నాలుగు మెట్లలో ఆత్మహత్య గురించి నేరుగా అడిగే మెట్టు విడిగా లేదు. ఆత్మహత్యల నివారణ కోసం పుట్టిన సంస్థకి అది మెట్టుగా ఉండాల్సింది. "ఇంక ఎందుకీ బతుకు" అన్న ధ్వని మాటల్లో వినపడిందంటే, సూటిగా అడగాలి: "చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా?" మెత్తగా, తడుముకోకుండా, అదే మాటతో. "పిచ్చి ఆలోచనలేం లేవు కదా?" అని అడిగితే "లేవు" అనే జవాబు మీరే నోటికి అందించినట్టు. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందన్న భయం అక్కర్లేదు, పరిశోధనలు చెప్పేది అదే. చాలామందికి ఎవరో ఒకరు ఆ మాట పలికినందుకే గుండె తేలికవుతుంది.

"వస్తోంది" అంటే ఎలా, ఎప్పుడు అన్నది అనుకున్నారేమో అడగాలి. అనుకుని ఉంటే ఒంటరిగా వదలకూడదు. హాని చేసుకోవడానికి వాడగలిగేవి ఇంట్లోంచి తీసెయ్యాలి. ఎమర్జెన్సీ నంబరు 000కి ఫోన్ చెయ్యాలి, లేదా దగ్గరి హాస్పిటల్ ఎమర్జెన్సీకి మీరే తీసుకెళ్ళాలి. "ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి" అంటే వెయ్యొద్దు. "నీ ప్రాణం విషయంలో ఆ ఒట్టు వెయ్యలేను, కానీ ఎవరికి చెప్పాలో ఇద్దరం కలిసి చూసుకుందాం" అనండి. ప్రాణాపాయం లేనప్పుడు మాత్రం అతన్ని అడగకుండా గుంటూరుకో కరీంనగర్‌కో ఫోన్ చేసి అమ్మకి చెప్పెయ్యొద్దు. వేల మైళ్ళ దూరాన వాళ్ళు తల్లడిల్లి గంటకో కాల్ చేస్తారు, బంధువులందరికీ పాకుతుంది, కుర్రాడు మిమ్మల్నే కాదు, ఇక ఎవర్నీ నమ్మడు. ఇంట్లో ఎవరికి చెప్తే కాస్త నింపాదిగా తీసుకుంటారో అతన్నే అడగండి. తరచుగా అది అక్కో, చిన్నాన్నో అవుతుంది.

ఈ భాగం సరిగ్గా నేర్చుకోవాలంటే గైడు చదివితే చాలదు, నోటితో సాధన చెయ్యాలి. ఆత్మహత్యల నివారణలో శిక్షణ ఇచ్చే లివింగ్‌వర్క్స్ వాళ్ళ సేఫ్‌టాక్ అనే కోర్సు పూటలో అయిపోతుంది. దాన్లో ఆ సూటి ప్రశ్న పక్కవాళ్ళతో పలికిస్తారు. వాళ్ళదే అసిస్ట్ అనే కోర్సు రెండు రోజులు, ప్రమాదంలో ఉన్న మనిషిని సాయం అందేదాకా క్షేమంగా ఉంచడం దాకా నేర్పుతుంది. మెంటల్ హెల్త్ ఫస్ట్ ఎయిడ్ అనే ఇంకో కోర్సు 2000 సంవత్సరంలో ఆస్ట్రేలియాలోనే పుట్టింది, దాని పరిధి ఇంకా వెడల్పు. మెల్‌బోర్న్ శివారు టార్నీట్‌లోనో సిడ్నీ శివారు స్కోఫీల్డ్స్‌లోనో ఉగాది, బతుకమ్మ జరిపే సంఘం కమిటీలో ఇద్దరు ముగ్గురికి సేఫ్‌టాక్ ఉండి, మిగతావాళ్ళు ఆర్ యూ ఓకే? గైడు చదివి ఉంటే, 2021 జనాభా లెక్కలకే 50,000 దాటిన తెలుగువాళ్ళ సమాజానికి అది మంచి ఆరంభం.

ఇక ఆ పసుపు పండగ. ఆఫీసుల్లో దాన్ని పాడుచేసే పద్ధతులు మూడున్నాయి. పదిమంది ముందు మీటింగులో "అందరూ ఓకేనా?" అని అడగడం: ఎవరూ కాదనరు. జీతం, వీసా స్పాన్సర్‌షిప్ చేతిలో ఉన్న మేనేజరు అడగడం: నిజం చెప్తే కాంట్రాక్టు పోతుందని భయం, కాబట్టి అడిగేది సాటి ఉద్యోగి అయితేనే మేలు. మేనేజరే అడగాల్సి వస్తే, పనిలో ఏం సర్దుబాటు చెయ్యగలడో ముందే తెలుసుకుని రావాలి. మూడోది, రోజూ పన్నెండు గంటలు పని చేయించి ఆ రోజు కేకు పెట్టడం. ఉద్యోగులు దాన్ని అవమానంగానే తీసుకుంటారు, న్యాయమే. సంస్థకీ ఈ విమర్శ తెలుసు. 2024లో వాళ్ళ నినాదం ఏ రోజైనా అడగండి అన్నదే. ఈ ప్రచారం వల్ల అడగాలన్న ఉద్దేశం, అడిగితే మేలన్న నమ్మకం పెరిగాయని అధ్యయనాలు వచ్చాయి. మరణాలు ఇంత తగ్గాయని చెప్పే కొలత అది కాదు, అలా చెప్పుకునేవాళ్ళని నమ్మొద్దు.

నాలుగో మెట్టు దగ్గరికి వద్దాం. మళ్ళీ పలకరించడానికి ఫోన్లో రిమైండరు పెట్టుకోమంటుంది గైడు: మామూలుగా రెండు వారాల్లో, బాగా కష్టంలో ఉంటే ఇంకా ముందే. మనసు విప్పి చెప్పిన మర్నాడు మనిషికి సిగ్గు ముంచుకొస్తుంది. ఎక్కువ చెప్పేశానా, వీడు నన్నెలా చూస్తాడో అని. ఆ సమయంలో మీరు కనపడకపోతే అనుమానం నిజమైనట్టే. కాబట్టి మా లెక్కలో మర్నాడే ఒక మెసేజీ వెళ్ళాలి, ప్రశ్న లేకుండా: "నిన్న నువ్వు చెప్పినందుకు సంతోషం రా. ఆదివారం బిర్యానీ చేస్తున్నా, వచ్చెయ్." ఆ వారంలో ఒక ఫోను, డాక్టరు అపాయింట్‌మెంట్ రోజున "నేను డ్రైవ్ చేస్తా" అన్న మాట, రెండు వారాలకి ఒక నడక. అపాయింట్‌మెంట్‌కి వెళ్ళలేదని తెలిస్తే తిట్టొద్దు, "మళ్ళీ బుక్ చేద్దామా, నేను కాల్ చెయ్యనా?" అనండి. మొదటి సైకాలజిస్టు నచ్చకపోవడం మామూలే, ఇంకొకర్ని అడగొచ్చని చాలామందికి తెలియదు.

ఈ నాలుగు మెట్లు ఆస్ట్రేలియాకే పరిమితం కావు. తెలంగాణ, ఆంధ్రల్లో ఇంటర్ రిజల్ట్స్ వచ్చే వారంలో మన ఇళ్ళకి సరిగ్గా ఇదే కావాలి. అక్కడ పంపాల్సిన నంబరు టెలీమానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416. 2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టింది, రోజంతా ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. అమెరికాలో అయితే ఇలాంటి హెల్ప్‌లైన్ 988.

వెబ్‌సైటు విషయానికొస్తే, ఫోన్లో సాఫీగా తెరుచుకుంటుంది, సామగ్రి వెతకడం మాత్రం చిరాకు. ప్రతి ఏటి నినాదానికీ కొత్త పీడీఎఫ్‌లు, అసలు గైడు వాటి కింద పడిపోతుంది. నేరుగా "హౌ టు ఆస్క్" పేజీకి వెళ్ళి, సంభాషణ గైడు ఒక్కటి దింపుకుని, రెండు పేజీలు ప్రింటు తీసి పెట్టుకోండి. వెనక్కి తిప్పి పెన్నుతో రాసుకోవాల్సినవి: 000, 13 11 14, 131 450, మీ జీపీ క్లినిక్ నంబరు, రాత్రి ఎన్నింటికైనా మీ ఫోనెత్తే ఇద్దరి పేర్లు. అలాంటి మాటలు విన్న రాత్రి మీకూ నిద్రపట్టదు. సాయం చేస్తున్నవాళ్ళు తమకోసమే ఫోన్ చేసినా లైఫ్‌లైన్ వాళ్ళు మాట్లాడతారు.